‘రిస్క్’ ఆటలో పాచిక వాటా ఎంత?

సంపాదకులకు,

ఆన్‌లైన్ ఆటల మీద పత్రికల్లో వచ్చే వార్తల్లో, వ్యాసాల్లో ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తోంది: ఇది నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా? రమ్మీతో మొదలైన ఈ ప్రశ్నను ఇప్పుడు పిల్లలు ఫోన్లలో ఆడే రాజ్యాల ఆటలకూ వేస్తున్నారు. తెర మీద పాచిక దొర్లితే చాలు జూదమని కొందరు, ప్రపంచపటం కనిపిస్తే చాలు మేధస్సని మరికొందరు తేల్చేస్తున్నారు. రెండూ తొందరపాటు మాటలే. ఒక ఆటలో అదృష్టం వాటా ఎంతో కాగితం మీద లెక్క వేయవచ్చు. వేసి చూస్తే అది ఆట పేరుతో తేలదు. ఏ నిబంధనలతో ఆడారు, పాచికలు ఎన్నిసార్లు పడ్డాయి, మొత్తం ఎన్ని ఆటలు ఆడారు అన్న మూడింటి మీద ఆధారపడుతుంది. ప్రపంచపటం మీద పాచికలు వేస్తూ ప్రాంతాలను గెలుచుకునే, ఎక్కువమందికి తెలిసిన ‘రిస్క్’ ఆటనే తీసుకుని ఆ లెక్క పాఠకుల ముందు పెట్టడానికి ఈ ఉత్తరం.

ముందు చట్టం సంగతి. ఈ చర్చకు మన ప్రాంతంతో పాత బంధమే ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడిన వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె.సత్యనారాయణ కేసుగా 1968 నాటి తీర్పుల సంపుటాల్లో చేరింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో ఆలోచించాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని అప్పుడు కోర్టు చెప్పింది. తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను కట్టడి చేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యానికీ అదృష్టానికీ మధ్య గీతనే చెరిపేసింది. డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆటైతే, అది నైపుణ్యంతో నడిచినా అదృష్టంతో నడిచినా నిషిద్ధమే. ఈ-స్పోర్ట్స్‌నూ (పోటీలుగా ఆడే వీడియో ఆటలు), పందెం లేని సామాజిక ఆటలనూ చట్టం వేరుగా చూసింది. కాబట్టి ఇప్పుడీ ప్రశ్న కోర్టుకంటే ఎక్కువగా తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, కాలేజీ ఉత్సవాల్లో పోటీలు పెట్టేవారికి కావాలి. వారికి కావలసింది తీర్పు కాదు, కొలత.

మన ఆటల్లోనే ఆ కొలబద్ద ఉంది. వైకుంఠపాళిలో ఆడేవారి నిర్ణయమంటూ ఒక్కటీ లేదు. ఎంత పడితే అంత జరగాలి, నిచ్చెన వస్తే ఎక్కాలి, పాము వస్తే దిగాలి. కావాలని ఓడిపోదామన్నా ఓడిపోలేం. పులి-మేకలో మూడు పులులు, పదిహేను మేకలు; అక్కడ పాచికే లేదు, తప్పు చేస్తే అది పూర్తిగా మన తప్పే. అష్టాచెమ్మ ఈ రెండింటికీ మధ్యది. గవ్వలు మన చేతిలో లేవు, ఏ కాయ జరపాలన్నది మన చేతిలో ఉంది. ఒక ఆటను చూసి మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: కావాలని ఓడిపోవడం సాధ్యమేనా? సాధ్యమైతే అందులో నైపుణ్యం ఉన్నట్టే. ఎంత ఉందన్నది తర్వాతి లెక్క. తెలుగులో ‘పాచిక వేశాడు’ అంటే ఎత్తు వేశాడని, ‘పాచిక పారింది’ అంటే ఆ ఎత్తు ఫలించిందని అర్థం. దొర్లే వస్తువు పేరే ఆలోచన పేరు కూడా అయింది.

‘రిస్క్’ను ఫ్రెంచి సినీ దర్శకుడు ఆల్బేర్ లామొరీస్ రూపొందించాడు. 1957లో ఫ్రాన్సులో ‘ప్రపంచ విజయం’ అన్న అర్థం వచ్చే పేరుతో వెలువడింది. 1959లో పార్కర్ బ్రదర్స్ సంస్థ అమెరికాలో ‘రిస్క్’ పేరుతో విడుదల చేసింది. పటంలో 42 ప్రాంతాలు, 6 ఖండాలు ఉంటాయి. ప్రతి వంతు మొదట్లో మన చేతిలోని ప్రాంతాల సంఖ్యను మూడుతో భాగిస్తే ఎంత వస్తే అన్ని కొత్త దళాలు వస్తాయి, కనీసం మూడు. ఒక ఖండం మొత్తం పట్టుకుంటే అదనంగా బోనస్ ఉంటుంది: ఆసియాకు 7, ఉత్తర అమెరికాకు 5, ఐరోపాకు 5, ఆఫ్రికాకు 3, దక్షిణ అమెరికాకు 2, ఆస్ట్రేలియాకు 2. ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో ప్రపంచం నలుమూలల వారూ కలిసి ఆడుతున్నది ఈ ఆటనూ, దీని పోలికతో వచ్చిన ఇతర ఆటలనూ.

ఇక పాచికలు. దాడి చేసేవారు మూడు పాచికల దాకా, కాచుకునేవారు రెండు దాకా వేస్తారు. ఇద్దరి పెద్ద అంకెలనూ పోల్చి, తర్వాత రెండో అంకెలనూ పోల్చి చూస్తారు. సమానమైతే కాచుకునేవారిదే గెలుపు. మూడుకు రెండు పాచికలు వేసినప్పుడు మొత్తం 7,776 రకాలుగా పడవచ్చు. అందులో 2,890 సార్లు దాడి చేసినవారు రెండు దళాలను కూలుస్తారు. 2,611 సార్లు చెరొకటి పోతుంది. 2,275 సార్లు దాడి చేసినవారికే రెండూ పోతాయి. శాతాల్లో 37.2, 33.6, 29.3. అంటే సమానమైతే కాచుకునేవారికే అన్న నిబంధన ఉన్నా, మూడో పాచిక బలం వల్ల మొగ్గు దాడి వైపే ఉంది. ఒక్కో దళాన్ని కూల్చడానికి సగటున 0.85 దళం ఖర్చవుతుంది.

ఆ మొగ్గు మూడు పాచికలు వేయగలిగినంతసేపే. రెండుకు రెండు వేస్తే తలకిందులవుతుంది: దాడి చేసినవారు రెండూ గెలిచేది 22.8 శాతం, రెండూ పోగొట్టుకునేది 44.8 శాతం. కొత్తగా ఆడేవారు ‘నాకు పాచికలు పడటం లేదు’ అని బాధపడే సందర్భాల్లో చాలా వరకు అసలు సంగతి ఇదే. మూడు పాచికలు వేయాలంటే దాడి చేసే ప్రాంతంలో నాలుగు దళాలు ఉండాలి, ఎందుకంటే ఒకటి అక్కడే కాపలా ఉండిపోవాలి. మూడు మిగిలాక కూడా రెండు దళాలున్న ప్రాంతం మీదికి వెళ్లడమంటే నష్టమని తెలిసిన బేరానికి దిగడం. అక్కడ ఆగడం నేర్చుకుంటే చాలు, ఆట తీరు మొదటి వారంలోనే మారుతుంది.

సమాన బలాలు తలపడినా ఫలితం సమానం కాదు. కాపలా దళాన్ని పక్కన పెట్టి, దాడికి కదిలేవి ఐదు, ఎదుట ఐదు ఉంటే గెలుపు అవకాశం 50.6 శాతం. పదికి పది అయితే 56.8 శాతం. మూడుకు మూడు అయితే 47 శాతమే. అదే పది దళాలతో ఐదింటి మీదికి వెళ్తే 91.6 శాతం. ఈ అంకెలు చెప్పేది ఒకటే: దళాలను నాలుగైదు చోట్ల పలచగా పరిచి నాలుగు చిన్న యుద్ధాలు చేసేవారు ప్రతిసారీ సగం సగం అవకాశం మీద ఆడుతున్నారు. ఒకేచోట కూడగట్టి రెట్టింపు బలంతో కదిలేవారు పదిలో తొమ్మిది అవకాశాలతో ఆడుతున్నారు. ఇద్దరికీ పాచిక ఒకటే. ఆ పాచిక మీద ఎంత పెట్టాలన్న నిర్ణయంలో తేడా ఉంది.

సంఖ్య పెరిగే కొద్దీ అదృష్టం పలచబడుతుంది. మూడుకు రెండు పాచికలు పదిసార్లు వేస్తే దాడి చేసినవారు సగటున 9 దళాలు పోగొట్టుకుంటారు, కానీ అది 7 నుంచి 12 వరకు అటూ ఇటూ ఊగడం మామూలే. వందసార్లు వేస్తే సగటు 92, ఊగిసలాట 84 నుంచి 100 వరకు. మొదటి దానిలో ఊగిసలాట సగటులో నాలుగో వంతు పైనే, రెండో దానిలో పదో వంతు లోపే. అందుకే ఒక చిన్న పటం మీద పది నిమిషాల్లో ముగిసే ఆటనూ, పెద్ద పటం మీద రెండు గంటలు సాగే ఆటనూ ఒకే గాటన కట్టడం తప్పు.

ఇతరుల పాలనలో ఒక్కో దళం మాత్రమే ఉన్న ప్రాంతాలను వరసగా దాటుకుంటూ పోవడం ఈ ఆటలో మాటిమాటికీ వచ్చే పని. ఒక్కోదానికి సగటున సగం దళం పోతుంది, ఒకటి వెనక వదలాలి. అంటే ప్రాంతానికి ఒకటిన్నర. ఒక ప్రత్యర్థికి ఐదు ప్రాంతాలున్నాయనుకుందాం. నాలుగింట్లో ఒక్కో దళం, చివరిదానిలో ఐదు. అతన్ని పూర్తిగా తుడిచిపెట్టాలంటే ఎన్ని కావాలి? నాలుగు ఒంటరి దళాలకు రెండు, ఐదింటి గుంపుకు నాలుగు, కలిపి నష్టం ఆరు. బయలుదేరిన చోటు నుంచి దారి పొడవునా వదలవలసినవి ఐదు. ఆఖరి దాకా మూడు పాచికలు వేయగలగాలంటే మరో మూడు చేతిలో ఉండాలి. పద్నాలుగు. ఇది సగటు లెక్క మాత్రమే, కాబట్టి పాచికలు ఎదురు తిరిగినా తట్టుకోవడానికి ఇంకో మూడు. పదిహేడు ఉంటే దిగవచ్చు. పన్నెండుతో దిగి, చివరి ప్రాంతం దగ్గర రెండు దళాలతో ఆగిపోయి అదృష్టాన్ని తిట్టడం న్యాయం కాదు. దిగకముందే ఆ ఫలితం లెక్కలో ఉంది.

ఒకరిని తుడిచిపెట్టడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కార్డుల సంగతి చూడాలి. తన వంతులో కనీసం ఒక ప్రాంతం గెలిచినవారికి ఒక కార్డు వస్తుంది. కట్టలో 44 కార్డులు. కాల్బలం, గుర్రం, ఫిరంగి బొమ్మలతో 42, ఏ బొమ్మగానైనా వాడుకోదగినవి రెండు. మూడూ ఒకే రకం గానీ మూడూ వేర్వేరు గానీ అయితే సెట్టు. సెట్టు ఇస్తే దళాలు వస్తాయి. మూడు కార్డులకే సెట్టు కుదిరే అవకాశం సుమారు 42 శాతం, నాలుగింటికి సుమారు 82 శాతం, ఐదు ఉంటే తప్పకుండా కుదురుతుంది. ఒకరిని ఆట నుంచి తొలగిస్తే వారి కార్డులన్నీ మనవే. అలా చేతిలో ఆరు గానీ అంతకు మించి గానీ అయితే ఆ వంతులోనే, యుద్ధం మధ్యలోనే సెట్టు మార్చాలి. ఆ కొత్త దళాలతో ఇంకొకరిని తొలగించవచ్చు. ఒకే వంతులో ముగ్గురు మాయమయ్యే ఆటలన్నీ ఇలా జరిగినవే. బయటి నుంచి చూసేవారికి అది పాచికల మహిమలా కనిపిస్తుంది. నిజానికి నాలుగు కార్డులు పట్టుకుని, పలచని దళాలతో, శత్రువు పెద్ద గుంపు పక్కనే నిలబడి ఉన్నవారి పొరపాటు అది.

కార్డుల విలువను నిర్ణయించే నిబంధన దగ్గరే అదృష్టం తలుపు తెరుచుకునేది. ‘స్థిర’ పద్ధతిలో మూడు కాల్బలాలకు 4, మూడు గుర్రాలకు 6, మూడు ఫిరంగులకు 8, మూడు వేర్వేరు వాటికి 10 దళాలు. ఒకరికి నాలుగు, ఇంకొకరికి పది రావడానికి వారి ఆలోచనతో సంబంధం లేదు, అది చేతికి వచ్చిన బొమ్మ. ‘పెరిగే’ పద్ధతిలో బొమ్మను చూడరు. ఆటలో ఎన్నో సెట్టు అన్నదాన్ని చూస్తారు: 4, 6, 8, 10, 12, 15, ఆ తర్వాత ఐదేసి చొప్పున పెరుగుతూ పోతుంది. పదో సెట్టుకు 35 దళాలు. బొమ్మల అదృష్టం ఇక్కడ తగ్గుతుంది, ఎప్పుడు మార్చాలన్న నేర్పు పెరుగుతుంది. అయితే ఆట ఆలస్యమయ్యేకొద్దీ ఖండాల బోనస్‌లకు విలువ పోతుంది. ఏడు దళాల ఆసియా కోసం ఐదు సరిహద్దులు కాచుకోవడం, 35 దళాల సెట్టు ముందు అర్థం లేని పని. ఒకే పేరున్న ఆట అయినా ఇవి రెండు వేర్వేరు ఆటలు. తాను ఏ పద్ధతిలో ఆడుతున్నాడో తెలియకుండా వ్యూహం మాట్లాడేవారి మాటకు విలువ ఇవ్వనక్కర్లేదు.

అందరూ పాచికనే తిడతారు గానీ, నా అభిప్రాయంలో ‘రిస్క్’లోని పెద్ద అదృష్టం పాచికలో లేదు. మొదటి పంపకంలోనూ వంతు వరసలోనూ ఉంది. ముగ్గురు ఆడితే ఒక్కొక్కరికి 14 ప్రాంతాలు, వంతుకు నాలుగు దళాలు. మొదటి వంతు వచ్చినవారు రెండోవారి నుంచి మూడు ప్రాంతాలు లాక్కుంటే ఆ రెండోవారికి 11 మిగులుతాయి, రాబడి మూడుకు పడిపోతుంది. ఇంకా ఒక్క నిర్ణయం తీసుకోకముందే వారి ఆదాయంలో నాలుగో వంతు పోయింది. పంపకంలోనే ఎవరో ఒకరి చేతికి ఆస్ట్రేలియా గానీ దక్షిణ అమెరికా గానీ మొత్తంగా వచ్చేయడం ముగ్గురి ఆటలో ఇంచుమించు 19 ఆటలకు ఒకసారి జరుగుతుంది. ఆస్ట్రేలియా నాలుగే ప్రాంతాలు, లోపలికి దారి ఒక్కటే, సియాం నుంచి ఇండోనేషియాకు. అక్కడ ఒక గుంపు నిలబెడితే కనీస రాబడి మూడు కాస్తా ఐదవుతుంది. కాపలా సియాంలో పెట్టగలిగితే ఇంకా మేలు. ఎవరికీ ఆసియా మొత్తం దక్కనివ్వదు.

ఈ అదృష్టాన్ని పూర్తిగా తీసేయలేం గానీ, సమంగా పంచవచ్చు. అది పోటీలు పెట్టేవారి బాధ్యత, ఆ సంగతి తర్వాత చెబుతాను.

పాచిక, పంపకం తర్వాత మూడోది, లెక్కకు దొరకనిది, మనుషులు. నలుగురు ఆడుతున్నప్పుడు ఇద్దరు ఒకరి జోలికి ఒకరు పోకుండా మూడోవారి మీద పడితే ఎంతటి ఆటగాడైనా నిలవలేడు. ఇందులో కొంత భాగం నైపుణ్యమే. అందరికంటే బలంగా కనిపించకపోవడం, ఐరోపా బోనస్ చేతికి అందుతున్నా ఒక వంతు ఆగడం, పక్కవారి సరిహద్దు మీద అనవసరంగా దళాలు పేర్చకపోవడం, ఇవన్నీ ఆటలో భాగాలు. బలం చూపినవారి మీదే అందరి చూపూ పడుతుంది. నలుగురిలో రెండో స్థానంలో ఉండి ఆట మధ్య భాగం దాటించడం అనుభవజ్ఞులు ఇష్టపడే దారి. కానీ ముందే కూడబలుక్కుని వచ్చిన స్నేహితులు, ఒకే మనిషి రెండు ఖాతాలతో కూర్చోవడం మాత్రం నైపుణ్యమూ కాదు, అదృష్టమూ కాదు. మోసం. గుర్తుపట్టడానికి ఆనవాళ్లున్నాయి: ఇద్దరికీ ఉమ్మడి సరిహద్దు ఉన్నా ఆట మొత్తంలో ఒక్క దాడీ ఉండదు, ఒకరి గుంపు వెళ్లిపోయి ఇంకొకరికి దారి వదులుతుంది, ఒకరు ఓడిపోయే స్థితిలో తన దళాలన్నిటినీ మూడోవారి మీద వృథా చేస్తాడు. పేర్లు దాచి, పొత్తుల సదుపాయం ఆపేసి, సందేశాలు లేకుండా ఆడిస్తే ఇది చాలావరకు తగ్గుతుంది.

‘ఆన్‌లైన్‌లో పాచికలు కంపెనీ చెప్పినట్టు పడతాయి’ అన్న అనుమానం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలా బలంగా ఉంది. పరీక్షించడం కష్టం కాదు. మూడుకు రెండు పాచికలు పడిన 200 సందర్భాలను, ఒక్కటీ వదలకుండా, వరసగా రాసుకోండి. నచ్చినవి రాసి నచ్చనివి వదిలితే లెక్క చెడుతుంది. దాడి చేసినవారు రెండూ గెలిచినవి 74 దగ్గర, చెరొకటి పోయినవి 67 దగ్గర, రెండూ పోగొట్టుకున్నవి 59 దగ్గర ఉండాలి. ఆఖరిది 46 నుంచి 72 మధ్య ఎక్కడున్నా వింత లేదు. ఆ హద్దు దాటితే మరో 200 రాయండి. రెండోసారీ అదే వైపు దాటితే అప్పుడు అనుమానించండి. వరసగా ఐదుసార్లు రెండేసి దళాలు పోవడం 467 వరసల్లో ఒకసారి వచ్చే సంగతి. ఒక పెద్ద ఆటలో అందరి పాచికలూ కలిపితే వందల సార్లు పడతాయి. కాబట్టి ఇలాంటి వరస ఎవరో ఒకరికి తరచుగా తగులుతూనే ఉంటుంది, తగిలినవారికి అది జన్మంతా గుర్తుంటుంది. అనుకూలంగా పడిన వరసలు ఎవరికీ గుర్తుండవు.

ఒక యుద్ధం మొత్తాన్ని ఒక్క నొక్కుతో తేల్చే ‘బ్లిట్జ్’ సదుపాయం గురించి తెలుసుకుని వాడాలి. ‘రిస్క్’ అధికారిక ఆన్‌లైన్ ఆటలో ‘ట్రూ రాండమ్’, ‘బ్యాలెన్స్‌డ్ బ్లిట్జ్’ అని రెండు ఎంపికలున్నాయి. మొదటిది మామూలు పాచికల్లాగే నడుస్తుంది. రెండోది బాగా అరుదైన ఫలితాలను కత్తిరించి, బలం ఎక్కువున్నవారి గెలుపును మరింత ఖాయం చేస్తుంది. నైపుణ్యం కొలవాలనుకునే పోటీకి రెండోదే తగినదని నా అభిప్రాయం. అయితే ఒక జాగ్రత్త: బ్లిట్జ్ నొక్కాక మధ్యలో ఆగే అవకాశం పోతుంది. పైన చెప్పిన ‘మూడు మిగిలితే ఆగాలి’ అన్న సూత్రం పాటించాలంటే దగ్గర బలాల మధ్య యుద్ధాలను ఒక్కో విసురుగా ఆడాలి. బ్లిట్జ్‌ను రెట్టింపు బలం ఉన్నప్పుడే వాడాలి.

పాచికే లేని రాజ్యాల ఆట ఎలా ఉంటుందో చూడాలంటే ‘డిప్లొమసీ’ ఉంది. అలన్ కాలమర్ అనే అమెరికన్ రూపొందించిన ఈ ఆట 1959లో వెలువడింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి ఐరోపాలోని ఏడు శక్తులు, 34 సరఫరా కేంద్రాలు. 18 చేతికి వస్తే గెలుపు. అందరూ మాట్లాడుకుని, తమ ఆజ్ఞలను రహస్యంగా రాసి, ఒకేసారి విప్పుతారు. బలం సమానమైతే ఎవరూ కదలరు. ఇక్కడ కూడా ఎవరికి ఏ దేశం వస్తుందన్నది చీటీయే. రష్యాకు నాలుగు బలగాలు, మిగతావారికి మూడేసి, భౌగోళికంగా అందరి స్థితీ ఒకటి కాదు. అయినా నైపుణ్యం ఎంత తేటగా బయటపడుతుందో చెప్పడానికి ఒక ఆధారం ఉంది. 2022లో మెటా సంస్థ పరిశోధకులు ‘సిసెరో’ అనే కృత్రిమ మేధను ఆన్‌లైన్‌లో మనుషులతో 40 ఆటలు ఆడించారు. ఇతరుల సగటుకు రెట్టింపు పైగా పాయింట్లు తెచ్చుకుని, ఒకటికి మించి ఆటలు ఆడినవారిలో మొదటి పది శాతంలో నిలిచింది. అదృష్టమే నడిపించే ఆటలో ఎంత తెలివైన యంత్రమైనా 40 ఆటల మీద రెట్టింపు సగటు నిలబెట్టలేదు.

నలభై అన్న అంకె ముఖ్యం. నలుగురి ఆటలో అందరూ సమానమైతే ఒక్కొక్కరు నాలుగింట ఒకటి గెలవాలి. ఏ ప్రత్యేక నైపుణ్యమూ లేనివారు కూడా పది ఆటల్లో ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ గెలిచే అవకాశం 7.8 శాతం ఉంది. అంటే సుమారు 13 మందిలో ఒకరు కేవలం అదృష్టంతోనే ‘సగం ఆటలు గెలిచినవారు’ అవుతారు. నిజంగా మెరుగైన ఆటగాడు, అంటే 25 బదులు 35 శాతం గెలిచేవాడు, తన నేర్పు అదృష్టం కాదని నమ్మకంగా చూపాలంటే కనీసం 75 ఆటలైనా కావాలి. కాబట్టి ఒకే ఒక్క ఫైనల్ ఆట ఆడించి ‘వ్యూహ విజేత’ అని బహుమతి ఇచ్చే పోటీలో పిల్లలు నేర్చుకునేది ఏమీ లేదు. ఓడిన పిల్లవాడు తాను తెలివితక్కువవాడిననుకుంటాడు, గెలిచినవాడు తాను మేధావిననుకుంటాడు. రెండూ నిజం కాకపోవచ్చు. నన్ను ఎక్కువ కలచివేసేది ఇదే.

పోటీలు పెట్టే కాలేజీలకు, గ్రంథాలయాలకు, యువజన సంఘాలకు నా సూచన. నలుగురి జట్టును ఒక బల్ల అనుకోండి. ఆ నలుగురి చేత కనీసం నాలుగు ఆటలు ఆడించండి, వంతు వరస ప్రతిసారీ ఒక స్థానం జరగాలి. ప్రతివారూ ఒకసారి మొదట, ఒకసారి చివర ఆడినట్టవుతుంది. బోర్డు మీద ఆడిస్తున్నట్టయితే ఇంకా మంచి మార్గం ఉంది: మొదటి పంపకాన్ని కాగితం మీద రాసిపెట్టి, అదే పంపకాన్ని నాలుగు ఆటల్లోనూ వాడండి, స్థానాలు మాత్రం మార్చండి. పేకలో డూప్లికేట్ బ్రిడ్జి ఆడేవారు చేసేది ఇదే. ఒకే ముక్కలు అందరి చేతికీ వస్తాయి కాబట్టి ముక్కల అదృష్టం రద్దవుతుంది. కార్డులు పెరిగే పద్ధతిలో ఉండాలి. పొత్తులు, సందేశాలు ఉండకూడదు. గెలిచినవారికే కాక రెండు, మూడు స్థానాలకూ పాయింట్లు ఇవ్వండి, లేకపోతే వెనకబడినవారు కసితో ఎవరో ఒకరిని గెలిపించి ఆట వదిలేసి పోతారు. వంతుకు ఇచ్చే సమయం పల్లెల నుంచి ఆడేవారి నెట్ వేగాన్ని దృష్టిలో పెట్టుకుని ఉండాలి. నెట్ ఆగి వంతు పోవడం కూడా అదృష్టమే, అది అందరికీ సమానంగా లేని అదృష్టం.

చివరగా డబ్బు. తెర మీద రాజ్యాలు నిర్మించే ఫోన్ ఆటల్లో చాలావాటిలో పాచిక కనిపించదు. కానీ డబ్బు కడితే కోట వెంటనే పూర్తవుతుంది, సైన్యం వెంటనే సిద్ధమవుతుంది, లోపల ఏముందో తెలియని పెట్టె తెరుచుకుంటుంది. అలాంటి పెట్టెలను బెల్జియం జూద నియంత్రణ సంస్థ 2018లో జూదంగానే తేల్చింది. ‘రిస్క్’లోని పాచికను చూసి భయపడే తల్లిదండ్రులు ఈ పెట్టెలను పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. పాచిక అవకాశాన్ని ఎవరైనా ఐదు నిమిషాల్లో లెక్క వేయగలరు. ఆ పెట్టెలో ఏముందో తెలిసేది దాన్ని అమ్మేవారికే. పిల్లవాడు ఆడే ఆటను అంచనా వేయాలంటే ఈ మూడు అడగండి: డబ్బు కట్టినవారికి బలం ఎక్కువ వస్తుందా? గెలుపు అవకాశాలు బయటికి చెబుతున్నారా? ఓడిన ఆటను మళ్లీ చూసుకుని తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకునే వీలుందా?

మీ పత్రికకు ఒక మనవి. ఆన్‌లైన్ వ్యూహ క్రీడల పోటీల ఫలితాలు వేసేటప్పుడు విజేత పేరుతో పాటు, ఎంతమంది మధ్య, మొత్తం ఎన్ని ఆటల మీద, ఏ కార్డు పద్ధతిలో, ఏ పాచిక ఎంపికతో గెలిచారో ఒక్క వాక్యంలో వేయండి. నిర్వాహకులు ఆ వివరాలు ఇవ్వలేకపోతే, ఇవ్వలేదని వేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ